కుడిపక్కకు తిరిగితే

పైన తిరిగే ఫ్యాను వైపు చూడకూడదు. తలెత్తితే చాలు, గది గదంతా కొట్టుకుపోతుంది, అందుకని స్వరూప ఇనుప కుర్చీ అంచులను రెండు చేతులా పట్టుకుని, మెడ బిగబట్టి, ఎదురుగోడ మీది పటాన్నే చూస్తూ కూర్చుంది. పటంలో నిలువునా కోసిన పెద్ద చెవి, లోపల నత్తగుల్లలాంటిదొకటి, దాని నెత్తిన మూడు వంకీలు. చెవిలో ఇంత సంసారం ఉంటుందా అనుకుంది, ఉంటే ఉండనీ, తన కొంపలో ఉన్నదానికంటే ఎక్కువైతే కాదు. పక్క కుర్చీలో మొగుడు రాజేందర్ ఫోను చూసుకుంటూ కాలు ఆడిస్తున్నాడు. కుర్చీలన్నీ ఒకే కమ్మీకి బిగించినవి, అతని కాలు ఆడినప్పుడల్లా ఆ ఊపు కమ్మీ వెంట వచ్చి ఆమె తలలోకి ఎక్కుతోంది. "కాలు ఆడియ్యకు" అంది. ఆపాడు. కాసేపటికి మళ్ళీ మొదలుపెట్టాడు. పెళ్ళైన నాటినుంచీ ఇంతే ఈ మనిషి, చెప్పినప్పుడు ఆపుతాడు, చెప్పిన నోరు మూతపడగానే తన పని తనది. కొల్లాపూర్‌లో తెల్లవారకముందే బస్సెక్కి పాలమూరు దాకా వచ్చారు, ఇంట్లో అత్త సోమమ్మకు మాత్రం షాద్‌నగర్‌లో రాజేందర్ కంపెనీ దోస్తు ఇంట్లో గృహప్రవేశం ఉందని చెప్పారు. దవాఖానకు కూడా దొంగల్లా పోవలసిన రోజులొచ్చాయి. తలకాయ తనది, తిరిగేది తనకు, కక్కుకునేది తను, దాన్ని బాగుచేయించుకోవాలంటే ఒకరికి అబద్ధం చెప్పాలి, ఇంకొకరు వెంట రావాలి. ఆ వెంట వచ్చినవాడు ఎందుకొచ్చాడో ఆమెకు బాగా తెలుసు, అదే ఇప్పుడు కడుపులో మండుతున్నది, బస్సులో పీల్చిన నిమ్మకాయ కూడా దాన్ని చల్లార్చలేదు.

నిరుడు ఎండాకాలంలో మొదలైందిది. తెల్లవారుజామున మెలకువ వచ్చి మంచం మీద కుడిపక్కకు ఒత్తిగిలింది, అంతే, పైకప్పు రేకులు వరసగా జారిపోవడం మొదలుపెట్టాయి, మంచం పట్టె పట్టుకుంటే మంచమే పోతోంది, భూకంపం అనుకుంది, పక్కన రాజేందర్ గురక పెడుతున్నాడు, భూకంపంలో గురకేమిటి అని కూడా అనుకుంది. కాసేపటికి రేకులు ఎక్కడివక్కడ నిలబడ్డాయి. లేచి వాకిలి ఊడుద్దామని వంగితే మళ్ళీ అదే, గోడ పట్టుకుని నిలబడింది, అత్త చూసి "ఏందే, పొద్దుగాల్నే గోడలు మోస్తున్నవ్" అంది. ఆ రోజునుంచి ఊళ్ళో ప్రతివాడూ వైద్యుడే. ఆరెంపీ ఐలేశం రక్తం తక్కువుందని సెలైన్ ఎక్కించాడు. తగ్గలేదంటే గ్యాసన్నాడు. గ్యాసు గోలీలు అయిపోయాక మెడ నరాలన్నాడు, మెడకు పట్టా పెట్టించాడు, ఆ పట్టాతో బావి దగ్గర నిలబడితే పిల్లలు చూసి నవ్వారు. కుడిపక్కకు తిరిగితేనే వస్తది అని ఐలేశంతో చెప్పింది, ఆయన అప్పటికే గొట్టం చెవుల్లో పెట్టుకుని ఉన్నాడు, వినలేదు. నాగర్‌కర్నూల్‌లో ఒక డాక్టరు టెన్షన్ తగ్గించుకో అమ్మా అన్నాడు, టెన్షనేమన్నా నెత్తిన మోసే గంపా, దించి పక్కన పెట్టడానికి. అల్లం రసం తాగింది, జీలకర్ర నీళ్ళు తాగింది, దిష్టి తీయించుకుంది, అవసరం లేని కళ్ళజోడు ఒకటి కొనుక్కుంది. పక్కింటి అరుణమ్మ "నలపై దాటిన ఆడదానికి గిట్లనే ఐతది, ఓర్సుకోవాలె" అంది. ఓర్చుకోవాలె, ఓర్చుకోవాలె, ఆడదానికి కాలు విరిగినా ఓర్చుకొమ్మనేదే ఈ లోకం, అదే మొగోనికి జలుబు చేస్తే ఇంటిల్లిపాదీ కషాయాలు కాస్తారు.

ఒక్క జాగాలో మాత్రం తిరిగేది కాదు, మగ్గం గుంటలో. రెండు కాళ్ళూ గుంటలో దించి, పాదాల కింద తొక్కుడు చెక్కలు పెట్టుకుని, పొట్టకు ఎదురుగా నేసిన బట్ట చుట్టే దోనె ఆనుకుని ఉంటే మనిషి ఎటూ పడదు. తల నిటారుగా పెట్టాలి, పోగు మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడె వెంట చూపు పోనీయకూడదు, పోగు వచ్చి పడేచోటనే నిలపాలి, అలా నిలిపితే లోకం కూడా నిలుస్తుంది. అవును, తెగిన పోగు అతకడానికి పైకి చూసినప్పుడు వచ్చేది, అప్పుడు దోనె మీద రెండు చేతులూ వేసి కళ్ళు మూసుకునేది, పోయేది, మళ్ళీ నేసేది. ఆ గుంట మామ తవ్వించినది. మామ పోయాక రాజేందర్ అందులో దిగాడు, నాలుగు పండుగలు తిరక్కుండానే నడుము నొప్పి అంటూ లేచి షాద్‌నగర్ కంపెనీకి పోయాడు, శనివారం రాత్రి వస్తాడు, సోమవారం పొద్దున పోతాడు. ఖాళీగా ఉన్న మగ్గం మీద ఆమె కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు, వద్దనలేదు కూడా, పుట్టింట్లో నేర్చిన పని, చేతులు వాటంతటవే గుర్తుపట్టాయి. అప్పటినుంచి ఇల్లు నడిచింది ఆ గుంటలోంచే, సరే అది ఎవరూ చెప్పరు, చెప్పకపోయినా ఆమెకేం ఫికర్ లేదు. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నంతసేపు ఆమెను ఎవరూ పిలవరు, అదీ ఆమెకు కావలసింది. కొంగు చివర ఏ రంగు పోగు రావాలో, అంచులో నెమలి మెడ ఎటు తిప్పాలో ఆమె ఇష్టం. బతుకు మొత్తంలో ఆమె ఇష్టమన్నది అక్కడే ఉంది, ఆ కాస్త గుంతలో. దానిమీద పడింది రాజేందర్ కన్ను. మగ్గమున్న ముందు గది రోడ్డుకే ఉందట, రోడ్డు వెడల్పు చేశారట, గుంట పూడ్చి బండలు పరిచి షట్టరు పెడితే మొబైల్ షాపోడు కిరాయికి తీసుకుంటాడట. వద్దని అన్నం పెడుతూ చెప్పింది. సోమవారం అతను బస్సెక్కేటప్పుడు చెప్పింది. "సరే తియ్" అన్నాడు, అని మేస్త్రీ పరశురాములును పిలుచుకొచ్చి గుంటను మూరలతో కొలిపించాడు. ఆ ఇంట్లో ఆమె మాట కూరలో ఉప్పు లాంటిది, లేకుంటే గొణుగుతారు, ఉన్నప్పుడు ఎవరికీ గుర్తుండదు.

లోపలినుంచి ఎవరో ముసలాయన దగ్గుతూ బయటికి వచ్చాడు, ఇంకొకరు లోపలికి పోయారు, ఫినాయిల్ వాసన గుప్పుమంది, ఊదు పొగ వాసన కూడా ఇట్లాగే తగిలింది ఆ రోజు, శ్రావణంలో, ఉప్పలమ్మ గుడి ముందర. పొద్దుటినుంచి ఒక్కపొద్దు, నెత్తిమీద బోనం, ముందు డప్పులు, ఎండ మాడు పగలగొడుతోంది. గుడి చుట్టూ తిరిగి వచ్చి బోనం దించడానికి మెడ వంచి కొంచెం కుడికి తిరిగింది, అంతే, గుడి, గుడి మీది వేపకొమ్మలు, జనం, అందరూ కలిసి జారిపోయారు. బోనాన్ని ఎవరో పట్టుకున్నారు, ఆమెను మాత్రం ఎవరూ పట్టుకోలేదు, పందిరి గుంజ కావలించుకుంది. కళ్ళు ఆమె చేతిలో లేవు, గుడ్లు వాటంతటవే ఒక పక్కకు కొట్టుకుంటున్నాయి, అది ఆమెకూ తెలుస్తూనే ఉంది. "కండ్లు జూడుండ్రి, తల్లి కండ్లల్ల ఆడుతాంది" అని అరుణమ్మ గొంతు. ఇంకేముంది, డప్పులవాళ్ళు జోరు పెంచారు. దేవుడొచ్చిన మనిషికి డప్పు కావాలట, తల తిరిగే మనిషికి ఏం కావాలో ఎవడికి కావాలి. సోమమ్మ పరుగెత్తుకొచ్చి చెంబెడు పసుపునీళ్ళు నెత్తిన కుమ్మరించింది, ఇంకెవరో ఊదు పొగ ముక్కు కింద పెట్టారు, చేతిలో వేపకొమ్మ కుక్కారు, నుదుటినిండా బండారి పసుపు పూశారు, చుట్టూ కమ్ముకుని "చెప్పు తల్లీ, ఏం తక్కువైంది" అని అడిగారు. ఆమె కక్కింది. కక్కి, నోరు తుడుచుకోవడానికి కొంగు దొరక్క, ఒళ్ళు తెలియని కోపంతో "నన్ను ముట్టకుండ్రి, దూరం జరుగుండ్రి" అని అరిచింది. జరిగారు. గుడి ముందరున్న జనమంతా ఒక్కసారిగా వెనక్కి జరిగి దండాలు పెట్టారు. ఏండ్లకేండ్లు నోరు నొప్పిపుట్టేలా చెప్పినా ఒక్క మనిషి జరగలేదు, ఇప్పుడు ఊరు జరిగింది. అప్పుడు ఆమె నోట్లోంచి ఆ మాట వచ్చింది, అనాలనుకుని అన్నది కాదు, ఎన్నాళ్ళుగానో నాలుక కింద ఉన్నది ఊడిపడింది, "గుంట పూడిస్తె ఊకోను. మగ్గం జోలికొస్తె ఊకోను." రాజేందర్ అక్కడే మట్టిలో సాగిలపడి "తప్పైంది తల్లీ" అన్నాడు. మర్నాడు మేస్త్రీని రావద్దన్నాడు.

తల్లీ అన్నాడు. స్వరూపా అని కాదు. ఆ రోజు గుంజ పట్టుకుని వేలాడుతున్నప్పుడే ఈ సంగతి ఆమె గుండెకు తగిలింది, కానీ అప్పుడు నిలబడితే చాలన్నట్టు ఉంది. తర్వాత ఇంటికి టెంకాయలు రావడం మొదలైంది. మంగళవారం, శుక్రవారం వాకిట్లో జనం, బోరు ఎక్కడ వేయాలి అని ఒకరు, తప్పిపోయిన బర్రె ఎటు పోయింది అని ఒకరు, కోడలి కడుపు ఎప్పుడు పండుతుంది అని అరుణమ్మ. తెల్వదు అని చెప్పింది, తల్లి పరీక్ష పెడుతున్నది అనుకున్నారు. నాకు తల తిరుగుతున్నది, అది రోగం అని చెప్పింది, తల్లి దాగుడుమూతలాడుతున్నది అనుకున్నారు. ఏమన్నా అదే అర్థం. అత్త "ఏందే" అనడం మానేసింది, ఎదురొస్తే పక్కకు తప్పుకుంటుంది, కంచంలో ముందు ఆమెకే వడ్డిస్తుంది, మొదట్లో దానికి కొంచెం సంతోషం కూడా కలిగింది, ఎందుకు అబద్ధం, కలిగింది. ఒకనాడు పొద్దున నూలు కండెలు చుట్టుకుని గుంటలో దిగబోతే అత్త అడ్డం వచ్చి నిలబడింది. "అయ్యో తల్లీ, నువ్వెక్కిన ఒళ్ళు గుంతల దిగుతదా, తల్లి కాళ్ళతోని చెక్కలు తొక్కుతదా, కండ్లు పోతయి మాకు." నవ్వులాటకనుకుంది. కాదు. నాలుగిళ్ళవాళ్ళూ వచ్చి అదే మాట అన్నారు. సగం నేసిన చీర మగ్గం మీదే ఉండిపోయింది, దుమ్ము పట్టింది, ఎలుక ఒకచోట పడుగు కొరికింది. గుంట మిగిలింది, గుంటలో కూర్చునే మనిషే లేకుండా పోయింది. దవాఖానకు పోతానంటే "తల్లి ఎక్కిన తలకాయకు సూదులేపిస్తవా" అని అత్త గొల్లుమంది. తల్లికి మొక్కేది గుళ్ళో మొక్కండి, నా తలకాయ నాకు వదిలేయండి అని అరవాలనిపించింది, అరిస్తే మళ్ళీ డప్పులు తెస్తారు.

దీపావళి పోయిన తర్వాత రాజేందర్‌కు భక్తి కొంచెం తగ్గింది, ఒక ఆదివారం మేస్త్రీ గడ్డపారతో వాకిట్లో నిలబడ్డాడు. "తల్లి ఒక్కసారి చెప్పింది, మళ్ళ చెప్పలే గద" అన్నాడు రాజేందర్, మెల్లగా, దేవతతో బేరం చేస్తున్నట్టు. నోటితో చెప్తే వినడని ఆమెకు తెలుసు. నట్టింట్లో నిలబడి, దూలాన్ని చూస్తున్నట్టు తలెత్తి, కుడిపక్కకు వంచింది. అది నటన కాదు, కావాలని చేసింది, రెండూ నిజమే. దూలం పోయింది, గోడ పోయింది, కళ్ళు కొట్టుకున్నాయి, మేస్త్రీ గడ్డపార అక్కడే పారేసి పరుగెత్తాడు. ఆ రోజంతా కక్కుతూనే ఉంది, పసరు పడేదాకా కక్కింది, చీకటి పడ్డాక కూడా గోడకు తల ఆనించి కూర్చుంది, అప్పుడు ఏడ్చింది, నొప్పికి కాదు, రోషానికి. ఒక్క మాట వినిపించుకోవడానికి ఒక రోజు కక్కుకోవాలి. ఎంత నీచమైన బతుకు. అందరికంటే ఎక్కువ కోపం ఉప్పలమ్మ మీద వచ్చింది, నువ్వు నిజంగా వచ్చి ఉంటే ఒక్కసారి నా పేరు చెప్పి పోయేదానివి గదా తల్లీ అని.

"నంబర్ దగ్గరికొచ్చింది" అన్నాడు రాజేందర్ ఉత్సాహంగా. అతని ఉత్సాహం చూస్తే ఒళ్ళు మండిపోతోంది. షాద్‌నగర్‌లో అతనితో పనిచేసేవాడి తల్లికి కూడా ఇదే తిరుగుడట, పాలమూరులో ఒక డాక్టరమ్మ మంచం మీద పడుకోబెట్టి తలను అటూ ఇటూ తిప్పిందట, పోయిందట. ఆ ముచ్చట విన్న శనివారం అతను ఇంటికి నవ్వుకుంటూ వచ్చాడు. ఏడాదిగా పెళ్ళాం గోడలు పట్టుకుని నడుస్తుంటే దవాఖాన గుర్తుకురాలేదు, ఇవాళ గుర్తొచ్చింది. పొద్దున బస్సు నాగర్‌కర్నూల్ దాటాక, ఆమె ముందు సీటు కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకుని ఉంటే, నిద్రపోతున్నదనుకుని కాదు, వింటుందనే, చెవి దగ్గరికి వంగి "తగ్గితె తల్లి గూడ పోతది గద" అన్నాడు. అప్పటినుంచి ఆ మాటే తిరుగుతోంది, తలకంటే ఎక్కువగా. తల్లి పోతది, గుంట పూడ్తది. తల్లి ఉంటే గుంట ఉంటది, నేను దిగే వీలుండదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు, ఆమెకు ఆ గొయ్యే కావాలి, అది కూడా ఎవరూ ఇవ్వరు. అత్తకు ఈ తల దేవత కూర్చునే గద్దె కావాలి, మొగుడికి ఈ తల బాగుపడి నోరు మూసుకోవాలి, ఇద్దరికీ తల కావాలి, దాని కింద ఉన్న మనిషితో పనిలేదు. లేచి పోదామా అనుకుంది. ఈ గడప దాటి, బస్సెక్కి, తిరిగే తలతో, ఆ ఆయుధంతో ఇంటికి పోతే మేస్త్రీ ఎన్నటికీ రాడు. కుర్చీ అంచు వదిలి లేవబోయింది, గది చిన్నగా ఒరిగింది, మళ్ళీ కూర్చుంది. ఇట్లా ఎన్నాళ్ళు, రాత్రి మంచం మీద ఒక్క పక్కకే పడుకుని, బిందె ఎత్తలేక, చంటిపిల్లను ఎవరన్నా చేతికిస్తే పడేస్తానేమోనని వణుకుతూ, ఎన్నాళ్ళు. ఆయుధం అనుకుంటున్నది గానీ అది తెగేది తన మెడమీదనే. కొల్లాపూర్ వాళ్ళు రండి అని పిలిచారు. పోనీ, అతని కోసం కాదు, వాని మొబైల్ షాపు కోసం కాదు, నా తల నాకు కావాలి అనుకుని గోడ పట్టుకుని లోపలికి నడిచింది.

డాక్టరు రోజారమణి బల్ల వెనక రాసుకుంటూ తలెత్తకుండానే "ఎన్ని రోజుల నుంచి" అంది. "ఏడాదైతాంది మేడం, బోనాల కాడ ఎక్కువైంది, రక్తం తక్కువన్నరు, మెడ నరాలన్నరు" అని రాజేందర్ అందుకున్నాడు. ఎప్పుడు తగ్గుతుందో కూడా అతనే చెప్పేటట్టున్నాడు. డాక్టరమ్మ కూడా అతన్నే అడుగుతోంది, చదువుకున్నవాళ్ళయినా అంతే, కట్టుకున్నవాడు పక్కనుంటే ఆడదాని నోరు కనిపించదు. "బీపీ ఉందా, షుగర్ ఉందా, చెవుల హోరు, వినపడకపోవడం ఏమన్నా ఉందా" అన్నిటికీ అతనే లేదు లేదు అన్నాడు. "ఏ పక్కకు తిరిగితే వస్తుంది" అని అడిగింది డాక్టరమ్మ. రాజేందర్ ఎడమ అన్నట్టు చెయ్యెత్తి, కుడి అన్నట్టు దించి, పెళ్ళాం మొహం చూశాడు. "కుడిపక్కకు" అంది స్వరూప. "పక్క మీద కుడికి ఒత్తిగిలితె, పైకి జూస్తె, వంగితె. జరసేపు ఉంటది, పోతది, మళ్ళ కదిలితె మళ్ళ వస్తది." చెప్తుంటే కోపం వచ్చింది, ఏడాదిగా ఒక్కరూ అడగని ప్రశ్న ఇంత చిన్నదా అని. ఇది అడగడానికి సెలైన్లు కావాలా, డప్పులు కావాలా. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి ఇప్పుడు ఆమెనే చూసింది. "చెవి లోపల ఇసుక పలుకులంత చిన్నవి ఉంటాయమ్మా, అవి వాటి జాగాలోంచి జారి కుడిచెవి లోపలి వంకీలో పడ్డాయి. తల కదిలినప్పుడల్లా అవి కదులుతాయి, నువ్వు తిరుగుతున్నావని మెదడుకు తప్పుడు కబురు పోతుంది. తలను ఒక పద్ధతిలో తిప్పి వాటిని మళ్ళీ వాటి జాగాకు పంపుతాను. చేసేటప్పుడు బాగా తిరుగుతుంది. కళ్ళు మాత్రం మూయొద్దు."

బల్ల మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టింది, తలను కుడికి తిప్పి పట్టుకుంది, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టి తలను బల్ల అంచుకు కిందికి వేలాడదీసింది. ఇంక లోకం లేదు. గోడ, బీరువా, డాక్టరమ్మ గడ్డం, ట్యూబులైటు, ఒకదాని వెంట ఒకటి, మళ్ళీ ఒకదాని వెంట ఒకటి, తల చేతుల్లో ఉంది, చేతులు ఎవరివో, కళ్ళు కొట్టుకుంటున్నాయి, మూయొద్దు, మూయొద్దు అంటోంది గొంతు, పసుపునీళ్ళు కళ్ళలోకి కారినట్టుంది, లేవు, అక్కడ నీళ్ళు లేవు, డప్పులూ లేవు, నెత్తురు చప్పుడే. ఆ గిరగిరలో ఒక మూల రాజేందర్ కనిపించాడు, రెండు చేతులూ జోడించి, గోడకు అంటుకుపోయి, "తల్లీ, తల్లీ, ఆడనే నిలువు తల్లీ" అంటున్నాడు. అతని కళ్ళలో గుడి ముందరి భయమే. "ఏందండీ మీరు, పక్కకు జరగండి" అని డాక్టరమ్మ కసిరింది. ఇప్పుడు అంటే చాలు. గుంట జోలికి రావద్దు అని ఒక్క మాట, ఈ కళ్ళతో, ఈ గొంతుతో అంటే చచ్చేదాకా దాటడు, మంచి మాట, ఆఖరి మాట, అను, అనవే, ఇంక ఈ కళ్ళు దొరకవు. నాలుక లేచింది. అంటే ఎవరన్నట్టు, ఉప్పలమ్మ అన్నట్టు, మళ్ళీ ఆ తల్లే అన్నట్టు, ఈ నోరు నాదని వీడికి ఎప్పుడు తెలియాలి, నేను చచ్చినంక తెలియాల్నా. పెదవి కొరికి పట్టుకుంది, ఉప్పగా తగిలింది. తిరుగుడు నెమ్మదించింది, ఆగింది. డాక్టరమ్మ తలను ఎడమకు తిప్పింది, కొంచెం వచ్చింది, పోయింది. ఎడమ భుజం మీదికి దొర్లించి ముక్కు నేలను చూసేటట్టు పట్టుకుంది, నేల మీద చీమ ఒకటి పోతోంది, తిన్నగా పోతోంది. లేపి కూర్చోబెట్టింది.

కాసేపు ఆగి డాక్టరమ్మ మళ్ళీ మొదటినుంచి అంతా చేసింది, ఈసారి కళ్ళు కొట్టుకోలేదు. "ఎప్పుడన్నా మళ్ళీ రావచ్చు, వస్తే మళ్ళీ ఇట్లనే చేసుకుంటే పోతుంది, భయం లేదు" అంది. స్వరూప బల్ల దిగింది. చెప్పుల కోసం వంగింది, వంగాక గుర్తొచ్చింది తాను వంగానని, అట్లాగే ఉండిపోయింది, నేల నేలలాగే ఉంది. కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది. ఎవరికి దండం పెట్టాలో తెలియక డాక్టరమ్మకు పెట్టింది. సంతోషం రావాలి, వచ్చింది కూడా, దాని వెనకాలే మొదటి రోజునాటి కంటే పెద్ద కోపం వచ్చింది. ఒక్క పూట పని. దీనికోసం ఒక ఏడు, ఒక చీర, అన్ని పసుపునీళ్ళు, అంత కక్కుడు. తిరుగుడు పోయినా ఈ కోపం పోలేదని చూసుకుని ఆశ్చర్యపోయింది, ఇన్నాళ్ళూ అందరూ అది దేవతదనుకున్నారు, ఒక్కోసారి తానూ అనుకుంది, ఇది తనదే, మొదటినుంచీ తనదే.

బయట మెట్ల దగ్గర రాజేందర్ ఆమె నడకనే చూస్తున్నాడు, గోడ పట్టుకోకుండా వస్తోంది. "పోయిందా" అని అడిగాడు. "పోయింది" అంది. "మొత్తం పోయిందా, తల్లి గూడనా?" "తిరుగుడు పోయింది. తల్లి రానేలేదు." అతని మొహం విచ్చుకుంది. పెళ్ళాం బాగుపడిందని సగం సంతోషమే అయి ఉంటుంది, పాపం ఎంతైనా మనిషే గదా, మిగిలిన సగం చేతిలోని ఫోనులోకి పోయింది, అక్కడే మెట్ల మీద నిలబడి నంబరు నొక్కాడు. "ఆఁ పరశురాములన్నా, రేపు పొద్దుగాల రా. గడ్డపార తెచ్చుకో, రెండు ట్రాక్టర్ల మొరం మట్టి గూడ చెప్పు. ఏం గాదన్నా, ఇంక ఏం భయం లేదు, దవాఖాన్లనే పోయింది" అంటున్నాడు నవ్వుతూ. స్వరూప చెయ్యి చాపింది. తల్లి చెయ్యని ఎన్ని నెలలుగానో ఆ చెయ్యి చాపితే ఇవ్వడం అలవాటైన చేతితో అతను ఫోను ఇచ్చేశాడు, ఇచ్చాక ఎందుకిచ్చానా అన్నట్టు చూశాడు.

"పరశురాములన్నా, రేపు రాకు. ఎల్లుండి గూడ రాకు. గుంట పూడ్చేది లేదు" అంది. గొంతు పెంచలేదు. అవతల మేస్త్రీ గొంతు తగ్గించి అడిగాడు. "ఎవరమ్మా మాట్లాడేది? తల్లేనా?"

"కాదు. స్వరూపను."

రాజేందర్ ముందుకు వంగి ఆమె కళ్ళలోకి చూశాడు, ఒక కంటిలోకి, తర్వాత రెండో కంటిలోకి. గుడ్లు కదలడం లేదు. అవి అతన్నే చూస్తున్నాయి. దండం పెట్టాలో తిట్టాలో తెలియక అతని చేతులు సగంలో ఆగిపోయాయి.

"ఏ స్వరూప?" అన్నాడు ఫోనులో పరశురాములు. ఎన్నోసార్లు ఆ ఇంట్లో ఆమె చేతి చాయ తాగినవాడు, నిజంగానే తెలియక అడుగుతున్నాడు.

"అయితె రేపు రా" అంది స్వరూప, మొగుడి మొహం మీది చూపు తిప్పకుండా. "మొరం గూడ తే. నేను గుంటల కూసోని నేస్తుంట. జూసి గుర్తువడుదువు."